ఆస్పత్రి వార్డుకి వచ్చే లైవ్ మ్యూజిక్ సర్వీస్: ఏడు నెలలు చూశాక నా రివ్యూ

మొదటి రోజు మా పాప వాళ్లని వెళ్లిపొమ్మంది. వాళ్లు వెళ్లిపోయారు. ఈ సర్వీస్‌లో నాకు మొదట నచ్చింది అదే, ఏడు నెలల తర్వాత ఈ రివ్యూ రాస్తున్నప్పుడు కూడా అన్నిటికన్నా ఎక్కువ నచ్చింది అదే.

కాస్త వివరంగా చెప్తాను. పాపకి ఆరేళ్లు. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా, పిల్లల్లో ఎక్కువగా కనిపించే బ్లడ్ క్యాన్సర్. ట్రీట్‌మెంట్ మొత్తం రెండు మూడేళ్లు పడుతుందని ముందే చెప్పారు, అందులో మొదటి నెలల్లో ఇంట్లో కంటే వార్డులోనే ఎక్కువ ఉన్నాం. అక్కడ పిల్లకి దేన్నీ వద్దనే వీల్లేదు. సూది వద్దంటే కుదరదు, మాత్ర వద్దంటే కుదరదు, తెల్లవారుజామున రక్తం తీయడానికి లేపితే ఇంకాసేపు పడుకుంటానంటే కుదరదు. ఒక్కోసారి దాని చేతులు కదలకుండా పట్టుకున్నది నేనే. అలాంటి చోటికి గిటార్ తగిలించుకుని ఒకమ్మాయి వచ్చి, గుమ్మం దగ్గరే ఆగి, లోపలికి రావచ్చా అని నన్ను కాదు, పాపని అడిగింది. పాప గోడవైపు తిరిగి "వద్దు, పో" అంది. నాకు ఎటు చూడాలో తెలియక ఏదో సర్దిచెప్పబోయాను. ఆ అమ్మాయి "పర్లేదండీ, శుక్రవారం మళ్లీ అడుగుతాను" అని చెప్పి నిజంగానే వెళ్లిపోయింది. కాసేపటికి పాప ఇటు తిరిగి "వెళ్లిపోయిందా?" అంది. నువ్వు వద్దన్నావుగా, వెళ్లిపోయింది అన్నాను. చాలా రోజుల తర్వాత దాని మాట ఒకటి చెల్లింది.

శుక్రవారం కూడా వద్దనే అంది. ఆ తర్వాతి మంగళవారం "బయటే నిలబడి వాయించు" అంది. బయటే నిలబడి వాయించింది. ఆ తర్వాత వారం, మంచం పక్క కుర్చీ దాకా వచ్చింది.

సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటివి ఇప్పుడు చాలా చోట్ల ఉన్నాయి, మీ వార్డుకి ఏది వచ్చినా ఏం చూసుకోవాలో, ఏం అడగాలో తెలిసేలా రాద్దామనే నా ప్రయత్నం. మాకు వచ్చింది వారానికి రెండు రోజులు, మధ్యాహ్నం రౌండ్స్ అయ్యాక. ఇద్దరు వచ్చేవాళ్లు. గిటార్ అమ్మాయి మ్యూజిక్ థెరపీ చదువుకున్నది, ఆమెతో వచ్చే వయొలిన్ ఆయన వాలంటీర్, మంచి విద్వాంసుడు. ఒక్కో మంచం దగ్గర పది నిమిషాలు కావచ్చు, నలభై కావచ్చు, పిల్ల ఓపికని బట్టి. మా దగ్గర పైసా తీసుకోలేదు. ఈ తేడా ముందే తెలుసుకోండి: థెరపిస్ట్ అంటే పిల్ల పరిస్థితి ఫైల్‌లో చూసుకుని, ఈ రోజు దేనికోసం వాయిస్తున్నామో అనుకుని వచ్చే మనిషి. వాలంటీర్ సంగీతకారుడు మనసు పెట్టి వాయించే మనిషి. రెండూ కావాలి, కానీ సూది వేసే రోజు పక్కన ఉండాల్సింది మాత్రం మొదటివాళ్లే.

నేను మర్చిపోలేనిది ఒకటి చెప్తాను. డ్రిప్ పంపు అలారం విన్నవాళ్లకి తెలుస్తుంది, ట్యూబులో గాలి బుడగ వచ్చినా, చెయ్యి మడిచినా, మందు అయిపోయినా మోగుతూనే ఉంటుంది. సిస్టర్ వేరే మంచం దగ్గర ఉంటే రెండు మూడు నిమిషాలు ఆగాల్సిందే. ఆ మోత వినగానే పాప దుప్పటి తలమీదకి లాక్కునేది, ఎందుకంటే పంపు మోగిందంటే ఎవరో ఒకరు వచ్చి చేతిని ముట్టుకుంటారు, కాన్యులా, అంటే చేతి నరంలో పెట్టిన చిన్న గొట్టం, దగ్గర నొక్కి చూస్తారు. ఒక మంగళవారం పాట మధ్యలో పంపు మోగింది. పాప దుప్పట్లోకి వెళ్లిపోయింది. గిటార్ అమ్మాయి వాయించడం ఆపింది, ఒక తీగ మీద వేలు మెల్లగా జరుపుతూ ఆ బీప్ ఏ స్వరమో వెతికి పట్టుకుంది. పట్టుకుని దాని చుట్టూ చిన్న వరస అల్లింది, బీప్ పడిన ప్రతిసారీ అది పాటలో పడాల్సిన చోటే పడినట్టు. నాలుగైదు సార్లు తిరిగాక దుప్పటి అంచు కిందికి దిగి కళ్లు కనబడ్డాయి. సిస్టర్ వచ్చి అలారం ఆపేసింది. పాప "సిస్టర్, మళ్లీ మోగించవా?" అంది. ఆ రోజు నుంచి పంపు మోగితే పూర్తిగా భయం పోయిందని చెప్పను, కానీ దుప్పట్లో దాక్కోకుండా ఆ వరస నోట్లో అనుకునేది. రాత్రి రెండింటికి మోగినా అదే చేసేది.

మా ఆయన మొదట్లో "ఫోన్‌లో ఎన్ని పాటలు లేవు, దీనికి మనుషులు రావాలా" అన్నాడు. అది తప్పు ప్రశ్నేం కాదు. రికార్డు చేసిన పాట కూడా పని చేస్తుంది. 2013లో జామా పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో ఒక స్టడీ వచ్చింది, ఎమర్జెన్సీలో ఐవీ సూది, అంటే నరంలోకి మందు ఎక్కించే సూది, పెట్టించుకుంటున్న 42 మంది పిల్లల మీద, వయసు 3 నుంచి 11. స్పీకర్లో పాటలు పెట్టిన పిల్లల్లో నొప్పి స్కోరు పెరగలేదు, పెట్టని వాళ్లలో పెరిగింది. సూది పెట్టేవాళ్లకి కూడా పని తేలికైంది. కాబట్టి మీ ఆస్పత్రికి ఎవరూ రాకపోతే ఫోనే వాడండి, ఏమాత్రం సందేహించకుండా వాడండి.

కానీ ఫోన్ ఆగదు. పిల్ల ఊపిరి బిగపడితే ఫోన్‌కి తెలియదు. అదే సంవత్సరం పీడియాట్రిక్స్ జర్నల్‌లో వచ్చిన ఇంకో స్టడీ 11 ఆస్పత్రుల్లో నెలలు నిండకుండా పుట్టిన 272 మంది పసిపిల్లల మీద జరిగింది. అక్కడ థెరపిస్టులు లైవ్‌గానే చేశారు: తల్లి కడుపులో వినిపించే హోరు లాంటి చప్పుడు, గుండె చప్పుడు లాంటి తాళం, అమ్మానాన్నలు తమకి ఇష్టమైన పాటని జోలపాటలా మార్చి పాడటం. అన్నీ ఆ బిడ్డ ఊపిరికి, గుండె వేగానికి తగ్గట్టే. గుండె వేగం నెమ్మదించింది, పాలు తాగడం, నిద్ర మెరుగయ్యాయి, తల్లిదండ్రుల టెన్షన్ కూడా తగ్గింది. నేను వార్డులో చూసింది సరిగ్గా ఇదే. పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంటే ఈ అమ్మాయి వెంటనే జోలపాట అందుకోదు. ముందు ఆ ఏడుపు వేగానికే వాయిస్తుంది, గట్టిగా, కంగారుగా, వినేవాళ్లకి ఇదేంటి ఇలా వాయిస్తోంది అనిపించేలా. పిల్ల ఆ వాయిద్యం వైపు చూసిందని గమనించాకే కొద్దికొద్దిగా నెమ్మదిస్తుంది. ఏడుపు కూడా దాని వెంట నెమ్మదిస్తుంది. ఏడ్చే పిల్లని ఊరుకో ఊరుకో అనేకంటే ముందు దాని పక్కన నిలబడటం అన్నమాట. మ్యూజిక్ థెరపీ వాళ్లు దీన్ని ఐసో ప్రిన్సిపుల్ అంటారు, 1940ల నుంచీ ఉన్న మాట.

ఇది రోగాన్ని తగ్గిస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. మా వాళ్లు ఎప్పుడూ అలా చెప్పలేదు. రక్తకణాల కౌంట్స్ పెంచేది పాట కాదు. ఎల్‌పీ రోజు, అంటే వెన్నులోకి మందు ఎక్కించే రోజు, ఆకలితో పొద్దున్నుంచీ ఎదురుచూసే ఆ మూడు గంటలు ఎలా గడుస్తాయన్నదే ఇక్కడ లెక్క. మత్తు ఇచ్చే గది తలుపు దాకా వయొలిన్ ఆయన పక్కనే వాయిస్తూ నడిచిన రోజు పాప నా చెయ్యి వదిలి స్ట్రెచర్ మీద వెనక్కి వాలింది. అంతకు ముందు నాలుగు ఎల్‌పీలకీ నా వేళ్లు విడదీసి తీసుకెళ్లారు.

పక్క మంచం బాబు సంగతి కూడా చెప్పాలి. పధ్నాలుగేళ్లు, ఎముక క్యాన్సర్. అతనికి సిస్‌ప్లాటిన్ ఇచ్చేవాళ్లు. ఆ మందుతో కొందరికి వినికిడి దెబ్బతింటుంది, ముందు పోయేవి హెచ్చు స్వరాలు. వయొలిన్ ఆయన వాయిస్తుంటే ఆ బాబు మొహం తిప్పుకునేవాడు, ఇష్టం లేదనే అందరం అనుకున్నాం. గిటార్ అమ్మాయి ఫైల్‌లో ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) రిపోర్టు చూసి ఒకరోజు గిటార్‌ని అతని మంచం మీద పడుకోబెట్టి, చెక్క మీద చెయ్యి పెట్టమని, తగ్గు స్వరం పలికే లావు తీగలు మాత్రమే మీటింది. అతను చెయ్యి తీయలేదు. తర్వాత నెలలో ఇద్దరూ కలిసి ఒక పాట రాశారు, ర్యాప్ లాంటిది, వార్డు మీద కోపమంతా అందులో ఉంది, వాళ్ల అమ్మ విని ఏడ్చింది. ఆ వయసు పిల్లలకి వాయించి వెళ్లిపోతే సరిపోదు, చేతికి పనివ్వాలి. స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుంటున్న 11 నుంచి 24 ఏళ్ల వాళ్లు 113 మంది మీద అమెరికాలో ఒక ట్రయల్ చేశారు, 2014లో క్యాన్సర్ జర్నల్‌లో వచ్చింది. పాట రాసుకుని తమ వీడియో తాము తయారు చేసుకున్న వాళ్లు కష్టాన్ని ధైర్యంగా ఎదుర్కోవడంలో, చుట్టూ ఉన్నవాళ్లతో కలవడంలో మెరుగ్గా ఉన్నారని తేలింది. పక్క మంచం మీద అది కళ్లారా చూశాను కాబట్టి నాకు ఆశ్చర్యం అనిపించలేదు.

శుభ్రత విషయంలో నేను కాస్త చాదస్తంగానే చూశాను, చూడాలి కూడా. న్యూట్రోఫిల్స్, అంటే ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లరక్తకణాలు, 500 కంటే తగ్గిన పిల్లకి మామూలు జలుబు కూడా పెద్ద గొడవే. వీళ్లు గదిలోకి వచ్చేముందు మోచేతుల దాకా కడుక్కుంటారు, మాస్క్ తప్పనిసరి, ఒంట్లో కాస్త తేడాగా ఉన్నా ఆ రోజు రారు. పిల్లల చేతికిచ్చే వాయిద్యాలన్నీ తుడవడానికి వీలైన నున్నటి ప్లాస్టిక్కే, మంచం మంచానికీ మధ్య తుడుస్తారు. చర్మం బిగించిన డప్పులు, పూత లేని చెక్క తేరు, వాటిని శుభ్రం చేయడం కష్టం. నోటితో ఊదేవి మా వార్డులో అసలు లేవు. పాపకి వేణువు చూడాలని ఉండేది, నాకూ ఉండేది, కానీ ఆ నియమం సరైనదే. ఇవేవీ పాటించకుండా ఎవరైనా తిన్నగా మంచం దగ్గరికి వచ్చేస్తే, ఎంత గొప్ప కళాకారులైనా సరే, ఆపండి.

మందుల వల్ల ఒళ్లు మారిపోతుందని వీళ్లకి తెలుసు, ఇది నాకు చాలా విలువైనదిగా అనిపించింది. విన్‌క్రిస్టిన్ వల్ల పాప వేళ్లలో పట్టు తగ్గింది, గిలకలు చేతిలోంచి జారిపోయేవి, జారినప్పుడల్లా ఏడుపు. తర్వాతి వారం మణికట్టుకి తగిలించే ప్లాస్టిక్ గిలకలు తెచ్చారు, చెయ్యి ఊపితే చాలు. నోట్లో పుళ్లు వచ్చి నీళ్లు కూడా మింగలేని వారం "పాడమ్మా" అనలేదు, పెదాలు మూసుకునే "మ్మ్" అనే చిన్న రాగం మొదలుపెట్టారు. పాప అనలేదు. అనకపోయినా దుప్పటి మీద వేలితో తాళం వేసింది, చూపుడు వేలు ఒక్కటే, ప్లాస్టర్ అంటించిన చెయ్యి. స్టెరాయిడ్స్ రోజుల్లో అయితే ఊరికే చిరాకు, వాళ్లని రెండు నిమిషాల్లో పంపించేసేది, ఒకసారి గిలక విసిరింది కూడా. గిటార్ అమ్మాయి అది తీసి తుడిచి డబ్బాలో పెట్టుకుని "శుక్రవారం వస్తా" అని ఎప్పటిలాగే చెప్పి వెళ్లింది.

ఆపే సైగ ఒకటి పెట్టుకున్నారు పాపా, గిటార్ అమ్మాయీ. పాప అరచెయ్యి పైకెత్తితే స్వరం మధ్యలో ఉన్నా సరే తీగల మీద చెయ్యి పరిచి ఆపెయ్యాలి. వేలు ఒకటి తిప్పితే మళ్లీ మొదలు. ఒకరోజు ఇరవై నిమిషాలూ పాప ఇదే ఆట ఆడింది, ఆపడం, మొదలుపెట్టించడం, ఆపడం. పాట ఒక్కటి కూడా పూర్తికాలేదు. నాకు ఆ ఏడు నెలల్లో అంత మంచి మధ్యాహ్నం ఇంకోటి లేదు.

ఇక లోపాలు. మొదటిది, రాత్రులు ఎవరూ ఉండరు, ఆదివారాలు ఉండరు. వార్డులో భయం ఎక్కువగా ఉండేది రాత్రే. వాలంటీర్లకీ ఇళ్లుంటాయి, నాకు అర్థమవుతుంది, కానీ పడుకునే ముందు గంటసేపు ఎవరైనా వచ్చే ఏర్పాటు ఉంటే బాగుండేది. రెండోది, కౌంట్స్ పడిపోయి పాపని ఐసొలేషన్ గదిలో ఉంచిన పద్దెనిమిది రోజులు లోపలికి రానివ్వలేదు. రానివ్వకపోవడం తప్పు కాదు. అద్దం బయట నిలబడి వాయించారు కానీ రెండు పొరల అద్దంలోంచి ఏం వినిపిస్తుంది. తర్వాత వీడియో కాల్ పెట్టారు. వినడానికి బాగానే ఉంది, కలిసి వాయించడం మాత్రం అవ్వలేదు, ఇక్కడ కొట్టిన తాళం అక్కడికి ఆలస్యంగా చేరుతుంది, పాప "అక్కా నువ్వు తప్పు వాయిస్తున్నావ్" అని విసుక్కునేది. చివరికి ఆమె పాప పేరు పలుకుతూ రాగాలు రికార్డు చేసి పంపింది, ఆ రోజుల్లో అవే ఆధారం.

మూడోది నాకు నిజంగా బాధ కలిగించింది. వయొలిన్ ఆయన అయిదో నెలలో రావడం మానేశారు. ఉద్యోగం మారిందట. మాకు ఆ రోజు దాకా తెలియదు. పాప మూడు వారాలు "తాతయ్య ఏడి?" అని అడిగింది. ఆ వార్డులో పిల్లలు కనిపించకుండా పోయినవాళ్ల గురించి అడగడం మానేస్తారు, ఎందుకు మానేస్తారో అక్కడున్న ప్రతి తల్లికీ తెలుసు. అలాంటి చోట, వెళ్లిపోతున్నాను, ఫలానా రోజు చివరిసారి వస్తాను అని చెప్పి వెళ్లడం చాలా ముఖ్యం. కోఆర్డినేటర్‌కి చెప్పాను, తప్పైపోయిందని ఒప్పుకున్నారు, ఆయనతో ఒక వీడియో కాల్ చేయించారు. ఇప్పుడు ఎవరు మానేసినా వీడ్కోలు చెప్పించి పంపాలని రూల్ పెట్టుకున్నారట.

ఇంకోటి ఉంది, అది ఈ సర్వీస్ తప్పు కాదు. వేరే బృందం ఒకటి ఒకరోజు వచ్చింది, పన్నెండు మంది, పెద్ద స్పీకర్, కెమెరా. నాలుగు మంచాల గదిలో హోరెత్తించారు. పసిపిల్లల ఐసీయూలో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 1997లోనే చెప్పింది, మామూలుగా మాట్లాడుకునే గొంతే 60 దాకా ఉంటుంది. మాది ఐసీయూ కాదు, అయినా మూల మంచంలో పిల్లకి ముందు రాత్రంతా వాంతులు. ఎవరినీ అడగలేదు. జుట్టు రాలిపోయిన పిల్లల మధ్య నిలబడి ఫోటోలు దిగారు. వాళ్లు మంచి ఉద్దేశంతోనే వచ్చారని నాకు తెలుసు. మా పాప అరచెయ్యి పైకెత్తింది. ఒక్కరూ చూడలేదు. అది చెయ్యి అలాగే ఎత్తి ఉంచింది, నేను లేచి వెళ్లి స్పీకర్ ఆపమని చెప్పేదాకా.

ఈ పని కొత్తగా ఎవరో కనిపెట్టింది కాదు. బ్రిటన్‌లో ఆస్పత్రుల్లో లైవ్ సంగీతం ఏర్పాటు చేసే సంస్థ 1948లోనే మొదలైంది, అమెరికాలో మిషిగన్ స్టేట్‌లో మ్యూజిక్ థెరపీ డిగ్రీ 1944లోనే మొదలైంది. కాబట్టి ఎలా చేయాలన్నది తెలియని విషయం కాదు, తెలుసుకుని రావచ్చు. మీ ఆస్పత్రిలో లేకపోతే వార్డు హెడ్ నర్సుని అడగండి, మాకూ అలాగే తెలిసింది, ఎక్కడా బోర్డు లేదు. వాళ్లు వచ్చినప్పుడు పిల్లకి ఏం నొప్పిగా ఉంది, వినికిడి ఎలా ఉంది, నోట్లో పుళ్లున్నాయా, ఏ పాట వింటే ఇల్లు గుర్తొచ్చి ఏడుస్తుంది, ఇవన్నీ మీరే ముందుగా చెప్పండి. మొదటిసారి పిల్ల వద్దంటే బతిమాలకండి.

రేటింగ్ ఇవ్వమంటే ఐదుకి నాలుగున్నర. తగ్గించిన ఆ అర పాయింటు, ఎవరూ రాని రాత్రుల కోసం, చెప్పకుండా వెళ్లిపోయిన ఆ చివరి రోజు కోసం.

ఇప్పుడు మేం ఇంటి దగ్గరే ఉంటున్నాం, మాత్రలు, నెలకోసారి చెకప్, మధ్యమధ్య ఎల్‌పీ. వచ్చే ఎల్‌పీ సోమవారం వేశారు. మంగళవారానికి మార్చగలరా అని డాక్టర్ గారిని అడిగాను. ఎందుకని అడిగారు. పాపే చెప్పింది, "అక్క మంగళవారం వస్తుంది" అని. ఆయన షీట్ మీద కొట్టేసి మంగళవారం అని రాశారు.